ఆళ్లగడ్డ బస్సులో ఒక మాక్ ఇంటర్వ్యూ

బెంగళూరు నుంచి వచ్చిన రాత్రి బస్సు నన్ను నంద్యాలలో దించేసరికి ఇంకా తెల్లారలేదు. టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోన్ మోగింది. చెల్లెలు.

"అన్నా, దిగినావా? బుధవారం పొద్దున పది గంటలకంట. ఆన్‌లైన్‌లోనే. ఈసారి కూడా పోతే ఇంక నాకు..."

అంతే, ఆగిపోయింది.

ఆ ఆగిపోవడమే మా చెల్లెలి అసలు సమస్య. తను ఇక్కడ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. లీట్‌కోడ్‌లో 240 ప్రాబ్లమ్స్ చేసింది. పోయిన నెల ఒక కంపెనీ టెక్నికల్ రౌండ్‌లో తెలిసిన ప్రశ్నే వచ్చింది. ఇరవై నిమిషాలు స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంది. మనసులో జవాబు నడుస్తూనే ఉంది, నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క రాలేదు. చివర్లో గబగబా కోడ్ రాసింది. వాళ్లు "థాంక్యూ" అన్నారు. రెండు రోజులకు రిజెక్ట్ మెయిల్ వచ్చింది.

నేను బెంగళూరులో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నా. ఏడాది నుంచి మా ఆఫీసులో నెలకు రెండు మూడు ఇంటర్వ్యూలు నేనూ చేస్తున్నా. అంటే టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నా. అక్కడ కూర్చున్నాకే ఒక విషయం అర్థమైంది. అది ఫోన్‌లో చెప్తే ఎక్కేది కాదు. అందుకే బస్సెక్కి వచ్చా.

ఉగ్గాని, బజ్జీ, జిరాక్స్ షాపు

నంద్యాల అనగానే మన పెద్దవాళ్లకు గుర్తొచ్చేవి వేరు. చుట్టూ ఉన్న నవ నందులు. అడుగున ఉన్న రాయి కూడా కనిపించే మహానంది కోనేటి నీళ్లు. ప్రధాని అయ్యాక పి.వి. నరసింహారావు 1991లో ఇక్కడి ఉప ఎన్నికలో 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలవడం. కేసీ కెనాల్ నీళ్లతో పండే వరి, నల్లరేగడిలో పత్తి. వందేళ్లు దాటిన వ్యవసాయ పరిశోధన స్థానం. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం కూడా అయింది.

ఇప్పుడు పొద్దున్నే పద్మావతి నగర్ వైపు నడిస్తే ఇంకో నంద్యాల కనిపిస్తుంది. హాస్టల్ బోర్డులు. మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో వీడియో చూస్తూ పళ్లు తోముకునే పిల్లలు. జిరాక్స్ షాపు షట్టర్ మీద "టీసీఎస్ ఎన్‌క్యూటీ పాత పేపర్లు దొరుకును" అని చేత్తో రాసిన కాగితం. ఊరి చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి కదా, ప్లేస్‌మెంట్ సీజన్ వస్తే ఊరికే పరీక్షలొచ్చినట్టు ఉంటుంది.

చెల్లెల్ని హాస్టల్ గేటు దగ్గర కలిసి బండి దగ్గరికి తీసుకెళ్లా. ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. సీమలో పుట్టినోళ్లకు టిఫిన్ అంటే ఇదే. ఆమె సగం తిని వదిలేసింది.

"అత్త సంబంధం తెచ్చింది అన్నా. ఎండాకాలం లోపల ఉద్యోగం రాకపోతే చూద్దాం అంటాంది అమ్మ."

ఫోన్‌లో ఆగిపోయిన వాక్యం అదన్నమాట.

"నాయన ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. నాయన ఎప్పుడు ఏమన్నాడని?"

నాకూ ఏమనాలో తోచలేదు. "పద, ఇంటికి పోదాం. దారిలో ఇంటర్వ్యూ చేస్తా" అన్నా.

శిరివెళ్ల దాకా మౌనం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ 40 కిలోమీటర్ల పైచిలుకు. కర్నూలు నుంచి కడప వెళ్లే జాతీయ రహదారి మీదే ప్రయాణం. ఆళ్లగడ్డకు రైలు లేదు, బస్సే దిక్కు. ఎడమ వైపు సీటు దొరికితే అదృష్టం. ఊరు దాటగానే పొలాల అవతల నల్లమల కొండలు మొదలై, దారంతా మనతోపాటే వస్తాయి. ఆదివారం కాబట్టి బస్సులో అహోబిలం వెళ్లేవాళ్లు ఎక్కువ. వాళ్లంతా ఆళ్లగడ్డలో దిగి ఇంకో బస్సు ఎక్కాలి.

టికెట్లు తీసుకున్నాక చెల్లెలి చేతిలో ఫోన్ లాక్కుని మొదలుపెట్టా. లీట్‌కోడ్‌లో నంబర్ వన్ ప్రాబ్లమ్. టూ సమ్. కొన్ని అంకెలు ఇస్తారు, ఒక టార్గెట్ ఇస్తారు. ఏ రెండు అంకెలు కలిపితే ఆ టార్గెట్ వస్తుందో చెప్పాలి. కోడింగ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ చేసి ఉంటారు.

"ఇదా? రెండు నిమిషాల్లో రాస్తా. ఫోన్ ఇయ్యి."

"రాయొద్దు. చెప్పు."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. పత్తి చేలు పోయాయి. వరి మళ్లు పోయాయి. శిరివెళ్ల వచ్చేసింది.

"ఏం చేస్తున్నావ్?"

"ఆలోచిస్తాండా."

"నాకు వినపడట్లేదు కదా!"

అప్పుడు ఇంగ్లీషులో మొదలుపెట్టింది. "ఫస్ట్ వీ విల్ టేక్..." ఆగింది. మళ్లీ "ఫస్ట్..." ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు చూశా. ఆమె ఆలోచన తెలుగులో నడుస్తోంది. ఒక్కో ముక్కనీ పట్టుకుని ఇంగ్లీషులోకి మార్చేలోపు ముందున్న దారం తెగిపోతోంది. రెండు పనులు ఒకేసారి చేయలేక రెండూ ఆగిపోతున్నాయి. నాకూ మొదటి ఏడాది అచ్చం ఇలాగే ఉండేది. మర్చిపోయా, అంతే.

"ఇంగ్లీషు వదిలెయ్. ఇంట్లో చెప్పినట్టు చెప్పు."

"తెలుగులోనా? ఇంటర్వ్యూలో ఒప్పుకుంటారా?"

"బుధవారం సంగతి తర్వాత. ఈరోజు తెలుగులో చెప్పు."

ఇంక చూడండి. గలగలా చెప్పేసింది. ప్రతి అంకెనీ మిగతా అన్నిటితో కలిపి చూడొచ్చు, కానీ అది ఎన్ స్క్వేర్. లక్ష అంకెలుంటే జతలు దాదాపు 500 కోట్లు, టైమ్ లిమిట్ దాటిపోతుంది. అలా కాకుండా హ్యాష్ మ్యాప్ పెట్టుకుంటే, అంటే చూసిన అంకెల్ని ఒక నోటుబుక్కులో రాసుకున్నట్టు పెట్టుకుంటే, ఒక్కో అంకెకి ఒక్కసారి వెతికితే చాలు. లక్షకి లక్షసార్లే. "అన్నీ ముందు నోటులో రాసేసుకుంటా. తర్వాత ఒక్కోదానికీ జత ఉందా అని చూస్తా" అంది.

ముందు సీట్లో పూలబుట్టతో కూర్చున్న పెద్దమ్మ వెనక్కి తిరిగి "ఏం పాఠం పాపా అది? బాగ చెప్తాండావే" అంది. చెల్లెలు ఆరోజు మొదటిసారి నవ్వింది.

నేను కూడా "కరెక్ట్" అన్నా. అక్కడ నేనొక తప్పు వదిలేశా. అది ఆళ్లగడ్డలో బయటపడింది.

రాతి పొడి ఊరు

ఆళ్లగడ్డ పేరు చెబితే బయటి ఊళ్లవాళ్లకు రాజకీయాలు గుర్తొస్తాయి. ఊళ్లోకి వచ్చి చూస్తే మాత్రం రాళ్లు కనిపిస్తాయి. రేకుల షెడ్ల ముందు వరసగా నందులు, ఆంజనేయస్వాములు, సగం ముఖం తేలిన అమ్మవార్లు. ఇక్కడ చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో, విదేశాలకూ వెళ్తాయి. ఆళ్లగడ్డ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ కూడా ఉంది. ఉలి చప్పుడు, దాని మీద కటింగ్ మిషన్ రొద, గాల్లో తెల్లటి పొడి. చిన్నప్పుడు స్కూలు నుంచి ఇంటికొస్తే ఆ పొడి వాసనే నాకు నాయన వాసన.

నాయన శిల్పి కాదు. చెక్కిన విగ్రహాన్ని నునుపు చేసే పని. ఇరవై ఏళ్లకు పైగా ఒకే షెడ్డులో చేస్తున్నాడు. ఆదివారం కూడా అర్జెంటు ఆర్డరుంటే పనే. మేం బస్టాండు నుంచి నేరుగా అక్కడికే వెళ్లాం.

షెడ్డులో మేస్త్రీ ఒక కొత్త కృష్ణశిల ముందు కూర్చుని ఉన్నాడు. ఉలి పక్కన పెట్టేసి ఉంది. చేతిలో దారం, రంగు. రాయి మీద నిలువు గీత, దానికి అడ్డంగా గీతలు. గంట నుంచి గీతలే గీస్తున్నాడట.

ఈ గీతల వెనక ఒక లెక్క ఉంటుంది. నవతాళం అనే కొలతలో విగ్రహం ఎత్తు తొమ్మిది ముఖాలంత. ఒక్కో ముఖం 12 అంగుళాలు, మొత్తం 108. ఈ అంగుళం స్కేలు మీద ఉండే ఇంచి కాదు. విగ్రహం సైజును బట్టి మారుతుంది. జానెడు విగ్రహానికైనా, నిలువెత్తు విగ్రహానికైనా లెక్క అదే.

"అంటే అంగుళం వేరియబుల్ అన్నమాట. సైజు ఇస్తే మిగతావన్నీ అవే వస్తాయి" అంది చెల్లెలు. షెడ్డులో పెరిగిన పిల్లకు ఆ సంగతి ఇరవై ఒకటో ఏట తట్టింది. నాకైతే ఆరోజుదాకా తట్టనే లేదు.

"గీతలకే ఇంతసేపా?" అని అడిగా మేస్త్రీని.

"గీత తప్పయితే తుడుస్తాం. దెబ్బ తప్పయితే ఏం తుడుస్తావప్పా?" అన్నాడు.

మన కోడ్‌కి బ్యాక్‌స్పేస్ ఉంది. అందుకే మనం ముందు కొట్టేస్తాం, తర్వాత ఆలోచిస్తాం. ఇంటర్వ్యూలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. ప్రశ్న పూర్తికాకముందే కీబోర్డు టకటకలాడుతుంది.

యాభై కిలోల రాయి

భోజనాల వేళ నాయన చేతులు కడుక్కుని మా పక్కన కూర్చున్నాడు. "ఏం పరీక్ష పాపా అది? ఏమడుగుతారు?" అన్నాడు. మామూలుగా నాయన చదువు గురించి అడగడు. అడిగితే తనకు అర్థం కాదని మేమూ చెప్పం.

నేను చెల్లెలికి సైగ చేశా, చెప్పమని.

"ఈడ రాళ్లున్నాయి అనుకో నాయనా. ఒక్కోదాని బరువు రాసి పెట్టినారు. నాకు సరిగ్గా 100 కిలోలు కావాల. రెండే రాళ్లు తీయాల. ఏ రెండు?"

"ఊ."

"అన్ని బరువులూ ముందు నోటుబుక్కులో రాసుకుంటా. తర్వాత ఒక్కో రాయి దగ్గరికీ పోతా. అది 30 అయితే 70 కావాల. నోటులో 70 ఉందా అని చూస్తా. ఉంటే అయిపాయె."

నాయన కాసేపు రాళ్ల వైపు చూశాడు.

"50 కిలోల రాయి ఒకటే ఉందనుకో. దానికి జత 50 గదా. నోటులో చూస్తే 50 ఉంటాది. కానీ అది ఇదే రాయి. ఒకే రాయిని రెండుసార్లు తూకం వేస్తావా?"

నేనూ చెల్లెలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బస్సులో నేను "కరెక్ట్" అన్నది దీన్నే!

ఈసారి చెల్లెలు ఆగిపోలేదు. పైకే ఆలోచించింది. "అయితే నాయనా, ముందే అన్నీ రాసుకోను. రాయి దగ్గరికి పోతా. జత నోటులో ఉందా అని చూస్తా. లేకుంటే అప్పుడు ఈ రాయిని రాసుకుంటా. ముందు వెతకడం, తర్వాత రాయడం. అప్పుడు రాయికి దాని జత అదే కాదు. నిజంగా రెండు 50 రాళ్లుంటే రెండోదాని దగ్గర మొదటిది దొరుకుతాది."

"ఊ, అట్లయితే సరిపాయె" అని నాయన అన్నంలో చారు పోసుకున్నాడు.

సాఫ్ట్‌వేర్ వాళ్లలో దీనికి ఒక పేరుంది. రబ్బర్ డక్ డీబగ్గింగ్. 1999లో వచ్చిన 'ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' అనే పుస్తకంతో ఈ మాట బాగా పాపులర్ అయింది. టేబుల్ మీద రబ్బరు బాతు బొమ్మ పెట్టుకుని, దానికి మీ కోడ్‌ని లైను లైనుగా వివరిస్తే తప్పు మీకే దొరుకుతుంది. బాతు మాట్లాడదు. మా నాయన మాట్లాడాడు, ఇంకా మంచిది.

ఇలాంటి చిన్న తప్పులు కొత్తవాళ్లే చేస్తారనుకోకండి. జావా లైబ్రరీలో ఉన్న బైనరీ సెర్చ్‌లో ఒక తప్పు దాదాపు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడకుండా ఉంది. 2006లో జాషువా బ్లాక్ దాని గురించి రాశాడు. ఆ కోడ్ రాసింది కూడా ఆయనే. మధ్య స్థానం కోసం రెండు అంకెలు కలిపి సగం చేస్తాం కదా, ఆ అంకెలు మరీ పెద్దవైతే కూడిక ఇంటిజర్ పరిమితి దాటిపోయి నెగెటివ్ అవుతుంది. అంత పెద్దాయనకే తప్పింది కాదు. కాబట్టి తప్పు రావడం సిగ్గు కాదు. తప్పు ఎక్కడ రావచ్చో వెతకకపోవడమే లోపం.

టేబుల్‌కి అవతలి వైపు నుంచి

మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని చెల్లెలికి చెప్పినవే మీకూ చెప్తా. మీరు నంద్యాలలో ఉన్నా, నరసరావుపేటలో ఉన్నా పనికొస్తాయి.

ఇంటర్వ్యూ అయ్యాక నేను ఒక ఫామ్ నింపాలి. జవాబు వచ్చిందా అన్నది అందులో ఒక గడి మాత్రమే. ప్రశ్నని సరిగ్గా అర్థం చేసుకున్నారా, సందేహాలు అడిగారా, ఒకటికి రెండు దారులు ఆలోచించారా, రాసింది తామే చెక్ చేసుకున్నారా, హింట్ ఇస్తే అందుకున్నారా, ఇవన్నీ రాయాలి. అవతలివాళ్లు మౌనంగా ఉంటే ఆ గడులన్నీ ఖాళీగా ఉంటాయి. నేను ఇష్టపడి మార్కులు వేద్దామన్నా ఆధారం ఉండదు.

అందుకే మేస్త్రీ గీతల్లాగా ముందు ఐదు పనులు. ఒకటి, ప్రశ్నని మీ మాటల్లో తిరిగి చెప్పండి. రెండు, అడగండి: అంకెలు ఎన్ని ఉంటాయి, నెగెటివ్ ఉంటాయా, ఒకే అంకె రెండుసార్లు రావచ్చా, జవాబు లేకపోతే ఏం ఇవ్వాలి. మూడు, చిన్న ఉదాహరణ తీసుకుని చేత్తో చేసి చూపండి. నాలుగు, మొద్దు పద్ధతి అయినా సరే ముందు చెప్పి, అది ఎందుకు నెమ్మదో చెప్పి, తర్వాత మెరుగైనది చెప్పండి. ఐదు, అప్పుడు కోడ్ రాసి, అదే ఉదాహరణతో లైను లైనుగా నడిపించండి. మొదటి నాలుగింటికీ ఏడెనిమిది నిమిషాలు పడితే పట్టనివ్వండి.

భాష సంగతి. ముందు తెలుగులో పైకి చెప్పడం అలవాటు చేసుకోండి. దారం తెగకుండా వస్తోంది అనిపించాక, పది ఇంగ్లీషు వాక్యాలు పెట్టుకోండి. "కెన్ ఐ అజ్యూమ్ ద లిస్ట్ ఈజ్ సార్టెడ్?", "లెట్ మీ థింక్ ఫర్ ఎ మినిట్", "దిస్ వర్క్స్, బట్ ఇట్ ఈజ్ స్లో" లాంటివి. ఈ పదీ నాలుక మీద ఉంటే మిగతాదానికి అరే, లూప్, ఇండెక్స్, మ్యాప్ అనే మాటలు ఎలాగూ ఇంగ్లీషువే. వ్యాకరణం తప్పిందని ఇంతవరకు నేను ఎవర్నీ వద్దనలేదు.

ఎన్ని ప్రాబ్లమ్స్ చేయాలి అని అందరూ అడుగుతారు. అరేలు, స్ట్రింగ్‌లు, హ్యాష్ మ్యాప్, టూ పాయింటర్స్, స్లైడింగ్ విండో, బైనరీ సెర్చ్, స్టాక్, లింక్డ్ లిస్ట్, ట్రీలు, గ్రాఫ్‌లో బీఎఫ్‌ఎస్ డీఎఫ్‌ఎస్, కొంచెం డైనమిక్ ప్రోగ్రామింగ్. ఒక్కోదానిలో పదేసి చేసి, ప్రతిదాన్నీ ఎవరికో ఒకరికి వివరించండి. వివరించలేనిది మీరు చేసినట్టు లెక్క కాదు. పది లక్షల పేర్ల జాబితాలో బైనరీ సెర్చ్ 20 అడుగుల్లో ఎలా ముగుస్తుందో మీ అమ్మకి చెప్పగలిగితే, అది మీకు వచ్చినట్టే.

ఇంకో మాట. పక్కన ఏఐ ట్యాబ్ తెరుచుకుని చదివేద్దాం అనుకోవద్దు. చదివేటప్పుడు కళ్లు కదిలే తీరు అవతల తెలిసిపోతుంది. "ఈ లైను ఎందుకు రాశావ్?" అని ఒక్క ప్రశ్న చాలు. ప్రాక్టీస్‌లో మాత్రం భేషుగ్గా వాడుకోండి, ఇంటర్వ్యూ చేయమని అడగండి.

తిరుగు బస్సు

సాయంత్రం నాయన బస్టాండు దాకా వచ్చాడు. చెల్లెలు ఎక్కి కూర్చుంది. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికొచ్చి, "అత్తకు నేను చెప్తాలే. ఈసారి కాకపోతే ఇంకోసారి రాస్తావు. నువ్వు దాని గురించి తలకాయ చెడగొట్టుకోవాకు" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. బస్సు ఊరు దాటేదాకా చెల్లెలు కూడా ఏమీ అనలేదు. ఈ మౌనాన్ని నేను కదిలించలేదు.

ఈసారి నల్లమల కుడి వైపుకి వచ్చింది. శిరివెళ్ల దాటాక తనే మొదలుపెట్టింది. "అన్నా, ఇంకో ప్రాబ్లమ్ ఇయ్యి." నంద్యాల చేరేలోపు మూడు చేసింది. రెండు తెలుగులో, ఒకటి సగం సగం ఇంగ్లీషులో. ఆ మూడోదానిలో నాలుగుసార్లు తడబడింది, ఒక్కసారీ ఆగలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. రిజల్ట్ వారంలో చెప్తారట. రెండు ప్రశ్నలు ఇచ్చారు. ఒకటి పూర్తిగా చేసింది, రెండోది సగంలో టైమ్ అయిపోయింది. "కానీ అన్నా, గంటసేపు మాట్లాడతానే ఉన్నా. గొంతు పోయింది" అంది.

ఆ రాత్రి నాయన కూడా కాన్ఫరెన్స్‌లో కలిశాడు. ఆయనకు ఒకటే ప్రశ్న.

"పాపా, ఆ 50 కిలోల రాయి సంగతి అడిగినారా?"

"వాళ్లు అడగలేదు నాయనా. ఒకే అంకెని రెండుసార్లు వాడొచ్చా అని నేనే వాళ్లను అడిగినా."